పదిహేడు అంగుళాల చక్రాలు

ఆ చక్రాలు కావాలన్నది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే నయం. ఇప్పటికీ ఎవరైనా ఆ కారు ఊసెత్తితే మా ఆయన "నేనే ముచ్చటపడి వేయించానండీ" అని తన మీద వేసుకుంటారు. అబద్ధం. ఆయన వద్దన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల కొట్టు ముందు నిలబడి మూడుసార్లు వద్దన్నారు.

కొట్టాయన కూడా మంచివాడే. అమ్ముకునేవాడు అలా మాట్లాడటం నేనెక్కడా చూడలేదు. "లుక్కు కావాలంటే పదిహేడు అంగుళాల అల్లాయ్ మేడం. నడుముకి హాయి కావాలంటే మీ పాత పదిహేనే ఉంచుకోండి. ఆ రెండూ ఒకే చక్రంలో రావు" అన్నాడు.

"మైలవరం రోడ్డు మీద తిరిగే బండండీ ఇది" అన్నారు మా ఆయన, కొట్టాయనతో అన్నట్టుగా నాతో.

నేను వినలేదు. నల్లగా నిగనిగలాడుతూ, అంచు మీద వెండి గీతతో, గోడకి వేలాడుతున్న ఆ చక్రాలను చూస్తూ నిలబడిపోయాను. ఆ రోజుకి నాకు రెండోసారి కడుపు పోయి నాలుగు నెలలు. రెండుసార్లూ అయిదో నెలలోనే. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను నేను. సెలవు అయిపోయి మళ్లీ వెళ్లిన దగ్గర్నుంచీ స్టాఫ్‌రూములో అందరి చూపులూ ముందు నా పొట్ట మీద, తర్వాత మొహం మీద, ఆ తర్వాత నేల మీద. కళ్లు వాల్చి "తిన్నారా మేడం?" అని అడిగేవాళ్లు. ఆ జాలి భరించడం నా వల్ల కాలేదు. వాళ్లు చూడటానికి నాకు సంబంధించిందే ఇంకేదైనా కావాలి. ఇది తలా తోకా లేని ఆలోచనని నాకు తెలుసు. కానీ పని చేసింది. మర్నాడు కాలేజీ గేటు దగ్గర దిగుతుంటే లెక్కల మాస్టారు "చక్రాలు అదిరిపోయాయండీ" అన్నారు. ఎన్నో రోజుల తర్వాత ఒక మనిషి నన్ను చూసి నేల చూపులు చూడలేదు.

మిగతాది కొట్టు నుంచి తిరిగొస్తూ కొండపల్లి దాటగానే అర్థమైంది. పాత టైర్లు లావుగా ఉండేవి. గుంత వస్తే చాలావరకు అవే మింగి, మిగిలింది మాకు పెట్టేవి. కొత్తవాటికి రబ్బరు రెండు వేళ్ల మందం కూడా లేదు. రోడ్డు మీద ఉన్నది ఉన్నట్టు వెన్నులోకి వచ్చేది. మా ఆయన ఏమీ అనలేదు. నడుం పట్టేసినా నేనూ ఏమీ అనలేదు. నా పంతం నాది. రెండేళ్లు అలాగే తిరిగాం.

ముప్ఫై ఎనిమిదో ఏట మూడోసారి నిలిచింది.

ఈసారి విజయవాడలో కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నాలుగో నెల రాకముందే గర్భసంచి మూతికి కుట్టు వేసింది. "మెట్లు ఎక్కొద్దు. బరువులు ఎత్తొద్దు. కుదుపులు వద్దు. పది రోజులకోసారి నాకు కనపడాలి" అంది.

"కుదుపుల్లేకుండా మైలవరం నుంచి మీ దగ్గరికి ఎలా రావాలండీ?" అన్నాను.

ఆవిడ నవ్వింది. మేం నవ్వలేదు.

విజయవాడకి దగ్గరని మంగళగిరిలో మా పుట్టింట్లో ఉందామంటే, కింద చీరల కొట్టు, పైన ఇల్లు, మధ్యలో నిటారుగా ఇరవై రెండు మెట్లు. ఏడో నెల రాగానే ఆసుపత్రి పక్క సందులోనే కింద గది అద్దెకి తీసుకోవాలని అనుకున్నాం. అడ్వాన్సు కూడా ఇచ్చాం, అది అప్పటికి గానీ ఖాళీ అవదట. అంతవరకూ ఈ రోడ్డే దిక్కు. ఒకసారి అద్దెకారు మాట్లాడుకున్నాం. ఆ డ్రైవరు చెవిలో ఫోను, కాలు యాక్సిలేటరు మీద, స్పీడుబ్రేకరు కూడా చూసుకోకుండా ఎగిరించాడు. ఇంటికొచ్చి రెండు రోజులు కదలకుండా పడుకున్నాను. ఇంక వేరేవాళ్ల చేతికి నన్ను అప్పగించేది లేదన్నారు మా ఆయన.

కుట్టు వేయించుకుని వచ్చిన సాయంత్రం ఆయన తన ఎరువుల కొట్టు వెనక గోడౌన్‌లోకి వెళ్లి, యూరియా బస్తాల వెనక టార్పాలిన్ లాగి పాత చక్రాలు నాలుగూ బయటికి దొర్లించుకొచ్చారు. అవి అమ్మేశారనుకున్నాను నేను. అమ్మలేదట. బూజు దులిపి, గాలి కొట్టించి, వరండాలో గోడకి చేరేశారు. ఆ సాయంత్రం ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో నాకిప్పటికీ గుర్తే.

"రేపు పొద్దున్నే మార్పించేస్తా. ఇంక నీకు తూగుటుయ్యాలే" అన్నారు.

"వద్దు" అన్నాను.

ఆయన నవ్వారు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని.

ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే నా గురించి కొంచెం చెప్పాలి. కడుపుతో ఉన్న మనిషి మొగుడు కొబ్బరికాయ కొట్టకూడదంటారు మావైపు. గడ్డం గీసుకోకూడదు, పాడె మోయకూడదు, ఇల్లు మొదలుపెట్టకూడదు, ఉన్న ఇంటికి ద్వారబంధం మార్చకూడదు. మొదటిసారి నాకు మూడో నెలలో మా ఆయన కొట్టు వెడల్పు చేశారు. పూజ రోజున కొబ్బరికాయ ఆయనే కొట్టారు. "వాణ్ణి కొట్టనివ్వకు అమ్మాయ్" అని మా అత్తగారు మెల్లగా అంటే నేను పగలబడి నవ్వాను. పిండం ఎలా ఎదుగుతుందో బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకి చెప్పే మనిషిని. కొబ్బరికాయకీ దానికీ ఏ నాళం ఉందో చూపించమన్నాను ఆవిణ్ణి. ఆవిడ ఏం చూపిస్తుంది పాపం. రెండోసారి పెరటి ద్వారం చెద పట్టిందని ఊడదీయించి కొత్తది పెట్టించాం. అప్పుడూ ఆవిడ అంది. అప్పుడూ నవ్వాను.

రెండుసార్లూ నవ్వినదాన్ని మూడోసారి నవ్వలేకపోయాను. చదువంతా ఎటు పోయిందో నాకు తెలియదు. పరీక్షలో రెండు గీతలు కనబడిన రోజు నుంచి ఇంట్లో ఉన్నది ఉన్నట్టు ఉండాలనే భయం పట్టుకుంది. గోడకున్న మేకు పీకనివ్వలేదు. నెలలు దాటిపోయిన క్యాలెండరు తీయనివ్వలేదు. హాల్లో ఫ్యాను కీచుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని గుమ్మంలోంచే పంపించేశాను. బిగుతైన జాకెట్టు కుట్లు విప్పుకోవడానికి కూడా చెయ్యి రాక, చీర కొంగు కప్పుకుని తిరిగాను. నాలోపల ఒకటి నిలబడింది. బయట ఏ ఒక్కటి కదిలినా అదీ కదిలిపోతుందని అనిపించేది. ఇంక బండి కింద నుంచి నాలుగు చక్రాలు ఊడదీయడమంటే!

విచిత్రమేమిటంటే మా అత్తగారే అడ్డుపడింది. "చక్రాలకి ఏ పట్టింపూ లేదమ్మా. మా రోజుల్లో ఎడ్లబండికి ఇరుసులే మార్చేవాళ్లు. నలుగుర్ని కన్నాను నేను. వాడి మానాన వాణ్ణి మార్చుకోనివ్వు."

"వద్దు అత్తయ్యా. ఒక్క నట్టు కూడా కదపొద్దు."

"డాక్టరమ్మ కుదుపులు వద్దందంటున్నావు కదే."

"మెల్లగా పోతే సరిపోతుంది."

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఆయన ఆ చక్రాల పక్కనే వరండా గట్టు మీద కూర్చున్నారు. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. "పిచ్చిదానా, నోర్మూసుకో" అని మర్నాడు మార్పించేసి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఆయన తిట్టలేదు. రెండుసార్లు నా మాట విని కొబ్బరికాయ కొట్టి, ద్వారం మార్చిన మనిషి. మూడోసారి కూడా నా మాటే విన్నారు.

అప్పటినుంచి ఆయనకి ఆ రోడ్డు తప్ప ఇంకో ధ్యాస లేదు. గడ్డం పెరిగింది. కొట్టులో కూర్చున్నా కాగితం మీద గుంతలే గీసుకునేవారు. జి.కొండూరు ముందు కల్వర్టు దగ్గర రెండు, పెట్రోలు బంకు ఎదురుగా పొడుగ్గా ఒకటి, కొండపల్లిలోకి దిగేచోట వరసగా అయిదు. టైర్లలో గాలి కొంచెం తగ్గించి చూశారు. అంచు దెబ్బతింటుందని టైర్లవాళ్లు వద్దన్నారు. చివరికి ఒకరోజు ట్రాలీ ఆటోలో కంకర, క్వారీ బూడిద వేసుకుని తెల్లవారగట్ల బయల్దేరారు. ఎక్కడికంటే చెప్పలేదు. ఎండెక్కాక చేతులు బొబ్బలెక్కి వచ్చారు. మా ఊరి నుంచి ఇబ్రహీంపట్నం దాకా తన వల్ల అయినన్ని గుంతలు పూడ్చి వచ్చారట!

"రోడ్డు కాంట్రాక్టు ఏమన్నా పట్టావేంట్రా?" అని కొట్టు దగ్గర స్నేహితులు ఆటపట్టించారు. ఆయన కూడా నవ్వి "బిల్లులు రాట్లేదురా" అన్నారు. ఆ పక్క రోజు నా చెకప్. కారులో ముందు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాను. ఆయన పూడ్చిన ప్రతి గుంత దగ్గరా "ఇదొకటి" అంటూ చూపించారు. కుదుపు తగ్గిన మాట నిజమే. సంతోషంతో ఏడుపొచ్చింది నాకు. పది రోజులు తిరిగేసరికి థర్మల్ ప్లాంటు బూడిద లారీలు ఆ కంకరంతా చిమ్మేసి గుంతల్ని మళ్లీ గుంతలు చేసేశాయి. ఆయన మళ్లీ వెళ్లారు. పది రోజులకోసారి చెకప్, దాని ముందు రోజు కంకర. నా పిచ్చికి తగ్గ పిచ్చి ఆయనకి పట్టింది. దేశంలో ఇంత కష్టపడి నాలుగు నట్లు విప్పకుండా ఉన్నవాళ్లు మేమిద్దరమే అయ్యుంటాం.

అయిదో నెల దాటింది. ఎప్పుడూ దాటని గీత అది. మా అత్తగారు ఆ రోజు పరమాన్నం వండింది. కానీ పేరంటాల మాట ఎత్తలేదు. ఎవరం ఏదీ గట్టిగా అనలేదు. లోపల తన్నడం తెలిసేది. నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే, అయినా ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని. మా ఆయన చెయ్యి తీసుకెళ్లి అక్కడ పెట్టేదాన్ని. చెయ్యి పెట్టగానే ఊరుకునేది. "నేనంటే భయం దానికి" అనేవారు. ఆడపిల్లేనని ఎందుకో ఇద్దరమూ నిర్ణయించేసుకున్నాం.

ఆరో నెల చివర వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఆగకుండా వాన. చెకప్ ముందు రోజు ఆయన కంకరకి వెళ్లలేకపోయారు. నీళ్లలో పోసినా నిలవదు. తెల్లవారేసరికి నడుం దగ్గర ఏదో లాగుతున్నట్టుంది. డాక్టరమ్మకి ఫోను చేస్తే "వచ్చేయండి, ఆలస్యం చెయ్యొద్దు" అంది.

బయల్దేరాం. రోడ్డంతా ఒకటే నీళ్లు. ఏది గుంతో ఏది రోడ్డో తెలియడం లేదు. ఆయన గుర్తుపెట్టుకున్న లెక్కలన్నీ ఆ నీళ్లకింద ఉన్నాయి. స్టీరింగు మీదకి వంగి, ఇరవైకి మించకుండా, పెదాలు కదుపుతూ నడిపారు. కల్వర్టు దాటాం. బంకు దాటాం. కొండపల్లిలోకి దిగేచోట ఎదురుగా లారీ వస్తే ఎడమకి తప్పించారు. బండి ముందు చక్రం ధభీమని దిగి, ఏదో పగిలిన చప్పుడైంది. ఆ దెబ్బ నా వెన్నులోంచి పళ్లదాకా వచ్చింది. రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను.

"ఏమైంది? ఏమైంది నీకు?" అంటున్నారాయన.

"బాగానే ఉన్నాను, ముందు బండి చూడండి" అన్నాను.

ఎడమ ముందు టైరు పక్కగా చీలిపోయింది. అంచు వంకరపోయింది. ఆయన వానలోనే డిక్కీ తెరిచి స్టెప్నీ దించారు. అల్లాయ్ చక్రాలు నాలుగే కొన్నాం కాబట్టి స్టెప్నీ మాత్రం కారుతో వచ్చిన పాతదే. లావు టైరు, నల్ల ఇనప చక్రం. జాకీ పెట్టారు. వీల్ స్పానరు తీసుకుని నా తలుపు పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నారు. స్పానరు మొదటి నట్టుకి తగిలించారు.

అక్కడ ఆగిపోయారు.

తలెత్తి అద్దంలోంచి నన్ను చూశారు. జుట్టులోంచి, గడ్డంలోంచి నీళ్లు కారుతున్నాయి. నేను అద్దం దించాను.

"తియ్యనా?" అన్నారు.

ఆ ప్రశ్న నా వల్ల పుట్టింది. మొగుడూ పెళ్లాలు నడిరోడ్డు మీద, వానలో, టైరు చీలిపోయి, తీయాలా వద్దా అని అడిగి చెప్పుకోవడం ఎంత తెలివితక్కువో బయటివాళ్లకి చెప్తే అర్థం కాదు. మాకు మాత్రం అది తెలివితక్కువగా అనిపించలేదు. ఇన్ని నెలలు ఒక్క మేకు కదపకుండా కాపాడుకొచ్చాను. ఇప్పుడు నేనే తీయమంటే, రేపు ఏదైనా జరిగితే, అది నా నోటి మాట వల్లే. తీయొద్దంటే ఆసుపత్రికి చేరేదెలా?

"ఏదైనా ఆటో ఆపండి" అన్నాను.

ఆయన లేచి రోడ్డు మధ్యకి వెళ్లి చేతులూపారు. రెండు ఆటోలు నిండుగా పోయాయి. ఒక లారీ నీళ్లు మా మీద చిమ్మి పోయింది. అటు బస్సొకటి వస్తే ఆపారు కానీ, ఆ మెట్లు ఎక్కి, ఆ కుదుపుల్లో నిలబడటం కుదరదని ఆయనే వెనక్కి వచ్చారు. ఈలోగా పొట్ట రాయిలా బిగుసుకుంది. వదిలింది. మళ్లీ బిగుసుకుంది. ఆయన మళ్లీ వచ్చి అదే చోట, అదే నట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నా మొహంలోకి చూశారు. అంతసేపూ ఆయన నామీద విసుక్కోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

"నువ్వు చెప్తేనే తీస్తా" అన్నారు.

కాళ్ల మధ్య వెచ్చగా తడి తగిలింది. అప్పుడు చెప్పాను.

"తీసెయ్యండి. తొందరగా తీసెయ్యండి" అని అరిచాను. అదే మాట ఎన్నిసార్లు అరిచానో తెలియదు. ఆయన చేతిలోంచి నట్లు జారి నీళ్లలో పడిపోతుంటే తడుముకుని వెతికారు.

పాప పుట్టింది. నిజంగానే ఆడపిల్ల. అరచేతికి కొంచెం ఎక్కువ. ఏడుపు వినిపించలేదు కానీ ఊపిరి ఉందన్నారు. అద్దాల పెట్టెలో పెట్టారు. మా ఆయన్ని లోపలికి వెళ్లనిచ్చారు, నన్ను పడక మీంచి కదలనివ్వలేదు. "ముక్కు అమ్మది" అని వచ్చి చెప్పారాయన. ఆ పూటంతా ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి లేదు.

మర్నాడు డాక్టరమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. అడిగాను.

"ఆ గుంతలో పడ్డందువల్లేనా అండీ?"

"కాదమ్మా. లోపల ముందునుంచే ఇన్ఫెక్షన్ మొదలైంది. పొద్దున్నే నీకు నడుం లాగింది చూడు, అది అదే. రోడ్డు వల్ల కాదు."

"టైర్ల వల్లా?"

"దేనివల్లా కాదు."

"చక్రం ఊడదీసినందువల్లా?"

ఆవిడకి అర్థం కాలేదు. కళ్లజోడు తీసి నన్ను చూసింది. "ఏ చక్రం?" అంది. నేను చెప్పలేదు. చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఆవిడ నన్ను ఓదార్చాలనే ఆ మాటలన్నీ అంది. నాకు మాత్రం కాళ్ల కింద నేల లేకుండా పోయింది. గుంత వల్లంటే ఆ గుంతను తిట్టుకునేదాన్ని. చక్రాలవల్లంటే వాటిని కోరుకున్న నన్ను నేను తిట్టుకునేదాన్ని. దేనివల్లా కాదంటే దేని మీద పడి ఏడవను? ఆవిణ్ణి ఇంకొక్కటి అడగాలనుకున్నాను. వానలో ఆ నట్టు దగ్గర మేం ఆగిన ఆ కాసేపూ ఆగకుండా ఉంటే, కొంచెం ముందు వచ్చి ఉంటే, పాప మరో నాలుగు రోజులైనా లోపల ఉండేదా అని. అడగలేదు. ఈరోజుకీ ఎవర్నీ అడగలేదు. మా ఆయన కూడా అడగలేదని నాకు తెలుసు.

నాలుగో రోజు డిశ్చార్జి చేశారు. పోర్టికోలో కారు ఆగి ఉంది. నాలుగు చక్రాలూ పాతవే. నేను ఆసుపత్రిలో ఉండగా ఆయన వెళ్లి మార్పించుకొచ్చారు. నాతో చెప్పలేదు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. గొల్లపూడి దాటాం. ఇబ్రహీంపట్నం దగ్గర మా రోడ్డులోకి తిరిగాం. వాన వెలిసి ఎండ కాస్తోంది. గుంతలన్నీ నీళ్లింకి స్పష్టంగా కనిపిస్తున్నాయి. బండి మెత్తగా పోతోంది. అంత మెత్తగా పోతుందని నేను మరిచేపోయాను. ఒంట్లో ఎక్కడా దెబ్బ తగలడం లేదు. అంత హాయిగా ఉండటం నేను ఓర్చుకోలేకపోయాను.

ఆయన ఇరవైకి మించకుండా నడుపుతున్నారు. వెనక లారీలు హారను మోగిస్తున్నాయి.

"ఇంక వేగంగా పోనివ్వండి. ఫర్వాలేదు" అన్నాను.

"ఊఁ" అన్నారు.

వేగం పెంచలేదు. ముందు ఒక గుంత వచ్చింది. బ్రేకు మీద కాలుపెట్టారు. ఆయన ఎడమ చెయ్యి గేరు వదిలి వచ్చి నా పొట్టకి అడ్డంగా ఆగింది. గుంత దాటాక వెనక్కి వెళ్లింది. తర్వాతి గుంతకి మళ్లీ వచ్చింది. ఆయన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఆ చెయ్యి అలా వస్తోందని ఆయనకి తెలిసినట్టు లేదు. మైలవరం దాకా అలాగే వచ్చాం.